రైల్ కొలవకుండా స్కోపు కొనకండి

విశాఖలో రైలు అనగానే ఎవరికైనా వాల్తేరు గుర్తుకొస్తుంది. తుపాకి మీద ఉండే రైల్ వేరు. బారెల్‌కు వెనుక, పైభాగాన పళ్లు పళ్లుగా కోసిన పట్టా ఒకటి కనిపిస్తుంది. స్కోపు, అంటే దూరపు గురిని దగ్గరగా చూపే గొట్టం, గానీ మరో పరికరం గానీ దాన్ని కరుచుకుని నిలబడుతుంది. అయితే ఈ రెండింటికీ ఒక పోలిక ఉంది. బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య దూరం 1,676 మి.మీ. అని ఒక్కసారి నిర్ణయించారు కాబట్టే కిరండూల్‌లో ఇనుప ఖనిజం నింపుకున్న వ్యాగను ఏ మార్పూ లేకుండా విశాఖ రేవులోకి వచ్చేస్తుంది. నౌపడ నుంచి గుణుపూర్ వెళ్లే చిన్న రైలుకు ఒకప్పుడు ఆ దూరం 762 మి.మీ. మాత్రమే. బండి ఎంత మంచిదైనా నౌపడ దాటి పెద్ద లైను ఎక్కేది కాదు. స్కోపు బిగించుకోవాలని ఉత్సాహపడేవారిలో చాలామంది ఈ నౌపడ దగ్గరే చిక్కుకుంటారు. స్కోపు మంచిదే, రైఫిలూ మంచిదే, మధ్యలో గేజ్ కలవదు.

నేను ముప్పై ఏళ్లు ఫిట్టరుగా పనిచేశాను. మా మేనల్లుడు కొత్త ఎయిర్ రైఫిల్, స్కోపు, దాన్ని రైల్‌కు పట్టి ఉంచే రింగులు, మూడూ మూడు చోట్ల కొని సంచిలో వేసుకుని వచ్చి, "మామయ్యా, పది నిమిషాల పని, బిగించేయండి" అన్నాడు. ఆ పది నిమిషాలకు రెండు ఆదివారాలు పట్టింది. మీకు అంత సమయం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఎయిర్ రైఫిల్ గురించే. 2016 ఆయుధ నియమాల ప్రకారం బారెల్ లోపలి వ్యాసం 0.177 అంగుళాలు, అంటే 4.5 మి.మీ., దాటకుండా, గుండు శక్తి 20 జౌల్స్ మించకుండా ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. కొనేటప్పుడు ఈ రెండు అంకెలూ పెట్టె మీద గానీ బిల్లులో గానీ ఉండేలా చూసుకుని, ఆ కాగితం దాచుకోండి. లైసెన్సు తుపాకి ఉన్నవారికి కూడా ఈ కొలతలూ బిగింపు పద్ధతీ పనికొస్తాయి, ఒక్క దిశ తప్ప. ఆ దిశ సంగతి తర్వాత చెబుతాను. కానీ లైసెన్సు తుపాకికి కొత్తగా రంధ్రం వేయడం, మర కోయడం వంటి పనులు ఇంట్లోనో ఆటోనగర్‌లో తెలిసినవారి లేతు మీదో చేయించకూడదు. అలాంటి మరమ్మతుకు లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గరికే వెళ్లాలి.

బల్ల మీద పెట్టే ముందు

రైఫిల్ ఖాళీగా ఉందని కంటితో చూడండి. మధ్యలో విరిచే రకం అయితే స్ప్రింగ్ ఎక్కనంత కొద్దిగా మాత్రమే బారెల్ విరిచి చూసి, గుండు లేదని నిర్ధారించుకుని మళ్లీ మూయండి. స్ప్రింగ్ ఎక్కించి ఉన్న రైఫిల్ మీద పని చేయవద్దు. పొరపాటున మీట తగిలితే తెరిచి ఉన్న బారెల్ ఎగిరి మూసుకుంటుంది, మధ్యలో వేలు ఉంటే నలిగిపోతుంది. గాలి నింపిన సిలిండర్ ఉన్న రకమైతే గుండ్ల పెట్టెను బయటికి తీసి పక్కన పెట్టండి.

పనిముట్లు ఎక్కువేమీ అక్కర్లేదు. ఒక వెర్నియర్ (రెండు దవడల మధ్య పట్టి సూక్ష్మంగా కొలిచే పరికరం), సరిగ్గా సరిపోయే అలెన్ కీలు, చిన్న రసమట్టం, తాపీమేస్త్రి గుండు కట్టిన దారం, కొంచెం కుట్టు మిషను నూనె, ఒక నెయిల్ పాలిష్ సీసా. ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే టార్క్ స్క్రూడ్రైవర్ ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు. వెర్నియర్ లేకపోతే మాత్రం ఆగండి. స్కేలుతో చేసే పని కాదిది.

ఏ రైల్ అన్నది కన్ను చెప్పదు, వెర్నియర్ చెబుతుంది

రైఫిల్ పైభాగం చూడండి. పళ్లు లేకుండా, రెండు పక్కలా పొడవునా సన్నని గాడి మాత్రమే కోసి ఉంటే అది డవ్‌టెయిల్. ఎయిర్ రైఫిళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. దీన్ని అందరూ 11 మి.మీ. అంటారు గానీ ఆ మాటను పూర్తిగా నమ్మవద్దు. తయారీదారును బట్టి ఇది 9.5 నుంచి 13 మి.మీ. దాకా మారుతుంది, గాడి వాలు కూడా ఒకే కోణంలో ఉండదు. రింగు దవడల కోణం ఒకటి, గాడి కోణం మరొకటి అయితే రింగు అంచు మీద మాత్రమే ఆనుతుంది. బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది, నూరు గుండ్లు కాల్చేలోపు జారుతుంది. బిగించి విప్పాక దవడల లోపల నల్లరంగు ఎక్కడ చెదిరిందో చూడండి. వాలు పొడవునా సమానంగా చెదిరితే కోణం కలిసినట్టు. అంచున సన్నని గీత మాత్రమే పడితే ఆ రింగు తిరిగి ఇచ్చేయండి.

అడ్డంగా పళ్లు కోసి ఉంటే అది వీవర్ కావచ్చు, పికటిన్నీ కావచ్చు. దుకాణంలో ఈ రెండు పేర్లనూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తారు. వీవర్ పాతది. విలియం వీవర్ అనే అమెరికా స్కోపుల తయారీదారు పేరు మీద వచ్చింది, ఆయన 1930లో సంస్థ పెట్టాడు. వీవర్ గాడి వెడల్పు 4.57 మి.మీ. గాడికీ గాడికీ మధ్య దూరం ఇంత అని కట్టుబాటు లేదు, తయారీదారు ఇష్టం. దీంతో విసిగిన అమెరికా సైన్యం 1995 ఫిబ్రవరిలో కొలతలన్నీ ఖరారు చేసి మిల్-స్టాండర్డ్-1913 అని ప్రమాణం రాసింది. న్యూజెర్సీలోని పికటిన్నీ ఆయుధాగారం పేరే దానికి వాడుక పేరైంది. ఇందులో రైల్ వెడల్పు 21.2 మి.మీ., గాడి వెడల్పు 5.23 మి.మీ., లోతు 3 మి.మీ., ఒక గాడి మధ్య నుంచి పక్క గాడి మధ్యకు 10.01 మి.మీ.

ఈ చివరి అంకెతో ఒక సులువైన పరీక్ష ఉంది. వెర్నియర్ ఒక దవడను ఏదో ఒక గాడి ముందు అంచుకు ఆనించండి. అక్కడి నుంచి పది గాడులు లెక్కపెట్టి, పదకొండో గాడి ముందు అంచుకు రెండో దవడ ఆనించండి. నూరు మి.మీ. చూపించాలి. 98 వచ్చినా 103 వచ్చినా పెట్టె మీద ఏ పేరు రాసి ఉన్నా అది పికటిన్నీ కాదు. ఒక్క గాడి కొలిస్తే ఈ తేడా కంటికి ఆనదు, పది గాడులకు కూడుకున్నప్పుడే బయటపడుతుంది. రైల్ పొట్టిగా ఉంటే ఐదు గాడులకు యాభై.

ఇప్పుడు రింగు కిందివైపు చూడండి. గాడిలో కూర్చునే అడ్డకడ్డీ ఉంటుంది, దాని మందం కొలవండి. 4.5 దగ్గర ఉంటే అది వీవర్ కోసం చేసింది. పికటిన్నీ గాడిలోనూ కూర్చుంటుంది గానీ అటూ ఇటూ కలిపి దాదాపు 0.66 మి.మీ. ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీతో బతకవచ్చు, ఎలాగో కింద చెబుతాను. కడ్డీ 5 మి.మీ. దాటితే పికటిన్నీది. అది వీవర్ గాడిలో కూర్చోదు. పెద్ద కడ్డీని చిన్న గాడిలో పెట్టలేం, అంతే.

ఈ మాట నాకు తెలియక కాదు, అయినా ఒకసారి తప్పు చేశాను. మా మేనల్లుడు తెచ్చిన రింగు అడ్డకడ్డీ గాడిలోకి దిగలేదు. దుకాణం మూసేశారు, ఆదివారం సాయంత్రం, చేతిలో పని తెలుసు కదా అన్న గర్వం. ఆకురాయి తీసుకుని రైల్ గాడి అంచులను కొంచెం కొంచెం రాకాను. కడ్డీ దిగింది. దిగేసరికి గాడి గోడ నిలువుగా ఉండాల్సింది ఏటవాలుగా మారింది, పైన నల్లపూత పోయి తెల్ల అల్యూమినియం బయటపడింది. ఆ గాడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. రాకాల్సి వస్తే రింగునే రాకాలి, అది పోయినా మరొకటి కొనుక్కోవచ్చు. అసలు రాకాల్సిన అవసరమే వచ్చిందంటే రింగు మార్చుకోవాలని అర్థం.

బారెల్ కింద, ముందు చెక్క ఉండాల్సిన చోట పొడవైన బెజ్జాల వరుస ఉన్న రైఫిళ్లు కూడా ఇప్పుడు కనిపిస్తున్నాయి. బెజ్జం తాళపు రంధ్రంలా ఒకవైపు గుండ్రంగా, మరోవైపు సన్నగా ఉంటే కీమోడ్ (2012), రెండువైపులా ఒకేలా గుండ్రంగా ఉన్న పొడవు బెజ్జమైతే ఎం-లాక్ (2014). ఎం-లాక్‌లో నట్టు బెజ్జంలో దూరి, పావు చుట్టు తిరిగి, లోపలి నుంచి అడ్డం పడుతుంది. ఈ రెండింటిలో ఒకదానికి చేసింది మరొకదానికి పట్టదు. ఇవి రెండు కాళ్ల స్టాండుకో భుజపట్టీకో పనికొస్తాయి, స్కోపుకు కాదు, కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

ఇంకో మాట. మీ అబ్బాయో అమ్మాయో పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాల్చాలని అనుకుంటుంటే స్కోపు మీద డబ్బు పెట్టకండి. ఆ పోటీలో స్కోపుకు అనుమతి లేదు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచినా, 2012 లండన్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచినా సన్నని రంధ్రంలోంచి చూసే గురితోనే గెలిచారు. ఆ రంధ్రపు గురిని కూడా డవ్‌టెయిల్ గాడి మీదే బిగిస్తారు. గాడి కొలిచే పని వాళ్లకూ తప్పదు.

రింగు ఎంత పెద్దది, ఎంత ఎత్తు

స్కోపు నడుం గొట్టం వ్యాసం ఎక్కువగా 25.4 మి.మీ. గానీ 30 మి.మీ. గానీ ఉంటుంది. రింగు లోపలి వ్యాసం దానితో కలవాలి. ముప్పై రింగులో ఇరవై ఐదు గొట్టం పెట్టి సందులో ఇన్సులేషన్ టేపు చుట్టినవారిని చూశాను. వేసవిలో ఆ టేపు జిగురు కరిగి కారుతుంది, స్కోపు గిర్రున తిరుగుతుంది.

ఎత్తు విషయంలో రెండు చోట్ల చూడాలి. ముందు కటకం ఉన్న లావు భాగం బారెల్‌కు తగలకుండా రెండు మూడు మి.మీ. ఖాళీ ఉండాలి. 40 మి.మీ. కటకం అంటే బయటి లోహంతో కలిపి అంతకన్నా ఎక్కువే ఉంటుంది, దాన్ని కూడా వెర్నియర్‌తో కొలవండి. రెండోది చాలామంది మరిచిపోయేది: గాలి సిలిండర్ రకాల్లో గుండ్ల పెట్టె రైల్ కంటే పైకి పొడుచుకు వస్తుంది. రింగులు పొట్టివైతే స్కోపు బిగించాక పెట్టె లోపలికి దూరదు. కొనే ముందు పెట్టెను రైఫిల్‌లో పెట్టి, రైల్ పైనుంచి అది ఎంత ఎత్తు లేచిందో రాసుకోండి. ఇవి రెండూ కుదిరాక, ఎంత తక్కువ ఎత్తుంటే అంత మంచిది. చెంప బట్ (రైఫిల్ వెనుక చెక్క) మీద గట్టిగా ఆనుతుంది.

స్ప్రింగ్ రైఫిల్‌కు విడి రింగుల కన్నా రెండు రింగులూ ఒకే దిమ్మె మీద ఉన్న రకమే నా ఎంపిక. రైల్‌ను పట్టుకునే పొడవు ఎక్కువ, జారడం తక్కువ. స్కోపు కూడా ఎయిర్ రైఫిల్‌కు తట్టుకుంటుందని రాసి ఉన్నదే తీసుకోండి. పెద్ద తుపాకుల కోసం చేసిన ఖరీదైన స్కోపు స్ప్రింగ్ రైఫిల్ మీద పాడైపోవడం వింతగా అనిపిస్తుంది గానీ, దాని కారణం ఇప్పుడు చెప్పబోయే దిశ సంగతిలోనే ఉంది. పైగా అలాంటి స్కోపుల్లో చాలా వాటికి దూరం సర్దుబాటు నూరు గజాల దగ్గర కుదిర్చి ఉంటుంది. పది మీటర్ల దగ్గర బొమ్మ మసకబారుతుంది, కన్ను కొంచెం కదిలితే గురి కదిలినట్టు కనిపిస్తుంది.

ముందుకు తోయాలా, వెనక్కి లాగాలా

ఆగి ఉన్న సిటీ బస్సు ఒక్కసారి ముందుకు దూకితే నిలబడ్డవారు వెనక్కి తూలుతారు. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర రోజూ జరిగేదే. స్కోపు ఆ నిలబడ్డ ప్రయాణికుడు, రైఫిల్ బస్సు.

మందుగుండు తుపాకి పేలగానే వెనక్కి తంతుంది. బస్సు వెనక్కి కదిలినట్టన్నమాట, ప్రయాణికుడు ముందుకు తూలతాడు. అంటే స్కోపు రైల్ మీద ముందుకు జారాలని చూస్తుంది. అందుకే అలాంటి తుపాకిలో అడ్డకడ్డీని గాడి ముందు గోడకు ఆనేలా ముందుకు తోసి, అలాగే పట్టుకుని బిగించాలి.

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ రెండుసార్లు తంతుంది. మీట నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ కొంచెం వెనక్కి వస్తుంది. ఆ వెంటనే పిస్టన్ సిలిండర్ చివర ఢీకొని ఆగుతుంది, రైఫిల్ ముందుకు విసురుగా కదులుతుంది. ఈ రెండో తన్నే పదునైనది. బస్సు ముందుకు దూకింది కాబట్టి స్కోపు వెనక్కి, మీ కంటివైపు, జారుతుంది. పెద్ద తుపాకి స్కోపు లోపలి కటకాలను ఒకవైపు కుదుపుకు తట్టుకునేలా బిగిస్తారు. రెండోవైపు నుంచి వచ్చే దెబ్బను అది ఊహించలేదు.

కాబట్టి స్ప్రింగ్ రైఫిల్‌లో అడ్డకడ్డీని గాడి వెనుక గోడకు ఆనించి బిగించాలి. వీవర్ కడ్డీ పికటిన్నీ గాడిలో ఉన్నప్పుడు మిగిలే ఆ 0.66 మి.మీ. ఖాళీకి మందు ఇదే. ఖాళీ అంతా ముందువైపు వదిలేస్తే కడ్డీ వెనక్కి కదలడానికి చోటుండదు. డవ్‌టెయిల్‌లో అడ్డగాడులు ఉండవు కాబట్టి రైఫిల్ మీద వెనుకవైపు ఒక చిన్న బెజ్జం ఉందేమో చూడండి. రింగు అడుగున కిందికి దిగే పిన్ను దానికోసమే. పిన్ను బెజ్జంలో దిగి, బెజ్జం వెనుక అంచుకు తగలాలి. బెజ్జం లేకపోతే వెనుక రింగును ఆనుకుని నిలిచే ఆపుడు దిమ్మె విడిగా దొరుకుతుంది. గాలి సిలిండర్ రకాలకు తన్ను నామమాత్రమే, వాటికి ఈ గొడవ దాదాపు లేదు. అయినా ఏదో ఒక గోడకు ఆనించడం మంచి అలవాటు. రెండు రింగులూ ఒకే వైపు ఆనాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తోసి బిగిస్తే స్కోపు గొట్టాన్ని రెండు వైపుల నుంచి నొక్కినట్టవుతుంది.

బిగింపు

ముందు రింగుల అడుగు భాగాన్ని రైల్ మీద వేలి బిగువుతో నిలపండి. స్కోపు పెట్టి, పై మూతలు వేసి, స్క్రూలు స్కోపు జారేంత వదులుగా ఉంచండి. ఇప్పుడు రైఫిల్‌ను మీరు కాల్చే భంగిమలో భుజానికి ఆనించండి. కళ్లు మూసుకుని చెంప ఆనించి, తల సౌకర్యంగా కుదిరాక కన్ను తెరవండి. అంచుల్లో నల్లటి నీడ లేకుండా పూర్తి వృత్తం కనిపించాలి. నీడ ఉంటే తల కదపవద్దు, స్కోపును ముందుకో వెనక్కో జరపండి. స్కోపును ఎక్కువ పెద్దదిగా చూపే అంకె దగ్గర పెట్టి ఈ పని చేయండి, నీడ అక్కడే త్వరగా వస్తుంది. కంటికీ స్కోపుకూ మధ్య సాధారణంగా 75 నుంచి 100 మి.మీ. కుదురుతుంది.

తర్వాత నిలువు గీత. ఇంటి గుమ్మానికి గుండు కట్టిన దారం వేలాడదీయండి. తాపీమేస్త్రి గోడ చూసే పద్ధతే. రైఫిల్‌ను దిండ్ల మీద పెట్టి, రైల్ మీద అడ్డంగా రసమట్టం ఉంచి బుడగ మధ్యకు తెండి. స్కోపులోంచి దారాన్ని చూస్తూ నిలువు గీత దానితో కలిసేలా స్కోపును తిప్పండి. మా మేనల్లుడు అపార్టుమెంటు కిటికీ చట్రాన్ని ఆధారంగా తీసుకున్నాడు. కిటికీయే వంకర.

ఇప్పుడు రింగు మూతల స్క్రూలు. నాలుగు ఉంటే మూల నుంచి మూలకు, ఒక్కోదాన్ని పావు చుట్టు చొప్పున తిప్పండి. రెండు పక్కలా మూతకూ అడుగుకూ మధ్య సందు సమానంగా మిగలాలి. చాలామంది తయారీదారులు మూత స్క్రూలకు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్ల దాకా చెబుతారు. రైల్‌ను పట్టుకునే అడ్డు బోల్టుకు అంతకన్నా ఎక్కువ, అది రింగుకో రకంగా ఉంటుంది కాబట్టి పెట్టెలోని కాగితం చూడండి. టార్క్ పరికరం లేకపోతే అలెన్ కీని తిరగేయండి. పొడవు చేయిని స్క్రూలో పెట్టి, పొట్టి చేయిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, అవి తిప్పగలిగినంత తిప్పి వదిలేయండి. పొడవు చేయి పట్టుకుని గుప్పిటతో తిప్పితే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది, లేదా మర అరిగిపోతుంది. పాత ఫిట్టర్లకు చేతిలో బలం ఉందన్న భ్రమ ఎక్కువ, నాతో సహా.

మొదట రైల్ బోల్టులు పూర్తిగా బిగించి, ఆ తర్వాతే మూతలు పూర్తిగా బిగించండి. తిరగేసి చేస్తే నిలువు గీత పక్కకు ఒరుగుతుంది.

సముద్రం పక్కన ఉన్నవారికి

పెందుర్తిలోనో సింహాచలం దగ్గరో ఉన్నవారు ఈ భాగాన్ని వదిలేయవచ్చు. లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ, భీమిలి వైపు ఉన్నవారు వదలకండి. మీ గేటు మడతబందులు ఎన్నేళ్లకు మార్చారో గుర్తు చేసుకుంటే సరిపోతుంది.

రైల్ ఎక్కువగా అల్యూమినియం, స్క్రూలు ఉక్కు. ఈ రెండింటి మధ్య ఉప్పు తేమ చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే, అందులో తినేయబడేది అల్యూమినియం. హిందుస్థాన్ షిప్‌యార్డులోనో డ్రై డాకులోనో ఓడ అడుగుభాగం చూసినవారికి అక్కడ బిగించిన జింకు దిమ్మెలు తెలుసు. ఉక్కును కాపాడటానికి జింకు తాను కరిగిపోతుంది. మన రైఫిల్ మీద ఆ జింకు వేషం రైల్‌కు పడుతుంది. నల్లటి అనోడైజ్ పూత చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు ఫరవాలేదు. గీత పడిన చోట, మర లోపల, తెల్లటి పొడి కనిపిస్తే పని మొదలైనట్టు. నేను ఆకురాయితో రాకిన గాడిలో మొదటి వానాకాలానికే ఆ తెల్లపొడి పట్టింది.

బిగించే ముందు రైల్ దవడలు ఆనే చోట పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. అక్కడ నూనె ఉండకూడదు, జారుతుంది. మర సంగతి వేరు. అడ్డు బోల్టు మరకు బియ్యపు గింజంత గ్రీజు రాస్తే ఉప్పు లోపలికి పోదు, కానీ గ్రీజు రాసిన మర తక్కువ బలంతోనే ఎక్కువ బిగుస్తుంది కాబట్టి చేయి కొంచెం తగ్గించండి. మూత స్క్రూలకు గ్రీజు బదులు నీలంరంగు లాక్టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు. ఎర్రరంగుది వద్దు, దాన్ని విప్పాలంటే వేడి చేయాలి. స్కోపు పక్కన వేడి పెట్టాలని ఎవరూ అనుకోరు. గ్రీజు, లాక్టైట్ ఒకే మరకు రెండూ రాస్తే రెండూ పనిచేయవు.

పని అయ్యాక, బీచ్ వైపు నుంచి తెచ్చాక, రైల్ గాడులను పాత టూత్‌బ్రష్‌తో దులిపి, కుట్టు మిషను నూనె రాసిన గుడ్డతో పైపైన తుడవండి. కొబ్బరినూనె రాయకండి. ఇంట్లో అదే దొరుకుతుంది, నిజమే, కానీ కొన్ని నెలలకు జిగురుగా మారి దుమ్ము పట్టుకుంటుంది. స్పాంజి ఉన్న సంచిలో నెలల తరబడి ఉంచవద్దు, స్పాంజి తేమను పీల్చి వదలదు. సిలికా జెల్ పొట్లం వేసిన పెట్టె మేలు.

గురి కుదర్చడం

నగరంలో మేడ మీద వద్దు. 0.177 గుండు చిన్నదే గానీ వందల మీటర్లు పోగలదు, పక్క మేడ మీద బట్టలు ఆరేసేవారు కనిపించరు. నేవీ, పోర్టు ప్రాంతాల దగ్గర రైఫిల్ సంచి విప్పడం కూడా తెలివైన పని కాదు. ఆనందపురం వైపు మాకు తెలిసినవారి మామిడితోట ఉంది, చుట్టూ గోడ, వెనుక మట్టిగట్టు. అలాంటి చోటు చూసుకోండి. చెక్కపెట్టెలో పాత బట్టలు గట్టిగా కుక్కి, దాని ముందు కాగితం అంటించండి. కళ్లద్దాలు పెట్టుకోండి. తోటలో పిట్టలు ఎన్ని ఉన్నా వాటివైపు గురి పెట్టవద్దు, అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమయ్యే పని.

మొదట పది మీటర్ల దగ్గర ఐదు గుండ్లు కాల్చండి. ఒక్కో గుండుకూ స్కోపు మీది సర్దుబాటు స్క్రూ తిప్పకండి, ఐదింటి మధ్యబిందువు చూసి తిప్పండి. స్కోపు మీద 1/4 MOA, అంటే పావు నిమిషం కోణం (నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), అని ఉంటే ఒక్కో క్లిక్కు పది మీటర్ల దగ్గర 0.73 మి.మీ., ఇరవై ఐదు మీటర్ల దగ్గర 1.8 మి.మీ. జరుపుతుంది. పది మీటర్ల దగ్గర గుండ్లు 15 మి.మీ. కింద పడుతుంటే పైకి దాదాపు ఇరవై క్లిక్కులు. తర్వాత ఇరవై ఐదుకు వెళ్లి సరిచూడండి.

విరిచే బారెల్ రైఫిళ్లలో ఒక ఇబ్బంది వస్తుంది. స్కోపు పై స్క్రూ చివరిదాకా తిప్పినా గుండ్లు ఇంకా కిందే పడతాయి. స్కోపు తప్పు కాదు, బారెల్ ముందుభాగం కొంచెం కిందికి వాలి ఉంటుంది. స్క్రూను చివరిదాకా తిప్పి అక్కడే వదిలేస్తే లోపలి స్ప్రింగు వదులై గురి నిలవదు. మందు సులువు. చల్లపానీయం డబ్బా రేకు దాదాపు 0.1 మి.మీ. మందం ఉంటుంది. రింగు వెడల్పున చిన్న పట్టీ కత్తిరించి, అంచులు నునుపు చేసి, వెనుక రింగు అడుగు భాగంలో స్కోపు గొట్టం కింద వేయండి. రెండు రింగుల మధ్య నూరు మి.మీ. దూరం ఉంటే ఈ ఒక్క రేకు పది మీటర్ల దగ్గర గుండును పది మి.మీ., ఇరవై ఐదు మీటర్ల దగ్గర ఇరవై ఐదు మి.మీ. పైకి తెస్తుంది. రెండు రేకులు దాటాల్సి వస్తే ఆపండి, గొట్టం వంగుతుంది. అప్పుడు వెనుక ఎత్తుగా, ముందు పల్లంగా చేసిన వాలు దిమ్మె కొనుక్కోవడమే దారి.

గురి కుదిరాక నెయిల్ పాలిష్ తీయండి. ప్రతి స్క్రూ తల మీద నుంచి రింగు మీదికి ఒక సన్న గీత, రింగు అడుగు నుంచి రైల్ మీదికి మరో గీత గీయండి. యాభై గుండ్ల తర్వాత చూడండి. గీత తెగకుండా ఉంటే ఏదీ కదలలేదు. స్క్రూ తల మీది గీత పక్కకు తిరిగితే ఆ స్క్రూ వదులైంది. రైల్ మీది గీత తెగి రింగు వెనక్కి వచ్చి ఉంటే, స్క్రూలు ఎంత గట్టిగా ఉన్నా, అడ్డకడ్డీ వెనుక గోడకు ఆనలేదని అర్థం. బోల్టు వదులు చేసి, వెనక్కి లాగి ఆనించి, మళ్లీ బిగించి, వేరే రంగుతో కొత్త గీత గీయండి. మా మేనల్లుడి రైఫిల్ మీద ఎర్ర గీత పక్కన గులాబీ గీత ఒకటి ఉంది. ఆ రెండో సీసా ఎవరిదో వాళ్లావిడ ఇంకా వెతుకుతూనే ఉంది.